తప్పు నొక్కినా సొమ్ము పోకుండా: డెల్టా ఇళ్లకు ఫోన్ భద్రతా మార్గదర్శి

దాళ్వా ధాన్యం డబ్బు, రొయ్యల పట్టుబడి సొమ్ము, కువైట్ నుంచి అమ్మాయి నెలనెలా పంపే జమ మూడూ ఒకే ఖాతాలో పడతాయి. ఆ ఖాతాకు ఇచ్చిన నంబరే ఫోన్‌పేకీ, వాట్సాప్‌కీ, ఆధార్‌కీ, జీమెయిల్‌కీ. ఆ ఫోనేమో ఇంటిల్లిపాది చేతుల్లోనూ తిరుగుతుంది. భీమవరం నుంచి అమలాపురం దాకా చాలా ఇళ్లలో ఇదే అమరిక. మోసగాడికి ఇంతకన్నా సుఖం లేదు.

అతను ఫోను బద్దలుకొట్టుకుని రానక్కర్లేదు. చాలా మోసాల్లో తలుపు తీసేది మన వేలే. ‘తెలియని లింకులు నొక్కకండి’ అని ఎన్నిసార్లు చెప్పుకున్నా, అర్ధరాత్రి ఏరియేటర్ ఆగిపోయి చెరువు గట్టు మీద పరుగెత్తే మనిషి ఏదో ఒక రోజు నొక్కేస్తాడు. అందుకే ముందు చేయాల్సిన పని, తప్పు నొక్కినా పోయేది కొంచెమే అయ్యేలా ఖాతానీ ఫోన్నీ సర్దుకోవడం. జాగ్రత్తల జాబితా ఆ తర్వాత.

మొదట బ్యాంకు, తర్వాతే ఫోను

ఇంకో సేవింగ్స్ ఖాతా తెరవండి. కనీస నిల్వ అక్కర్లేని ఖాతా అయినా చాలు. యూపీఐకి ఈ చిన్న ఖాతానే కట్టండి. నెల ఖర్చుకు సరిపడా, అంటే 5 వేలో 10 వేలో అందులో వేసుకోండి. పంట డబ్బు, పట్టుబడి సొమ్ము పడే పెద్ద ఖాతాకు యూపీఐ ఉండకూడదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. యాప్‌లో నుంచి పెద్ద ఖాతాను తీసేస్తే సరిపోదు. యూపీఐ మొబైల్ నంబరును బట్టి ఖాతాను వెతుక్కుంటుంది. ఆ సిమ్ముతో పాటు డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ దొరికితే, లేదా ఆధార్ ఓటీపీ దొరికితే, కొత్త పిన్ పెట్టుకోవచ్చు. కాబట్టి ఈ మూడూ చేయండి:

1. పెద్ద ఖాతాకు యూపీఐ ఆపేయండి. కొన్ని బ్యాంకుల యాప్‌లో ఆ మీట ఉంటుంది. కనబడకపోతే బ్రాంచికి వెళ్లి కాగితం మీద రాసివ్వండి.

2. దాని డెబిట్ కార్డుకు ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ (కార్డు తాకించి కట్టే) లావాదేవీలు ఆఫ్ చేయండి. ఇలా వేర్వేరుగా ఆపుకునే వీలు 2020 నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశంతో అన్ని బ్యాంకుల్లోనూ ఉంది. ఏటీఎం పని మామూలుగానే నడుస్తుంది.

3. పెద్ద ఖాతాకు వేరే నంబరు ఇవ్వండి. ఆ సిమ్మును బీరువాలో ఉండే పాత కీప్యాడ్ ఫోనులో వేయండి. ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి. వాట్సాప్ లేని కీప్యాడ్ ఫోనుకు ఏపీకే (బయటి నుంచి యాప్ ఎక్కించే ఫైలు) ఎక్కదు, స్క్రీన్ షేరింగ్ ఉండదు, ఓటీపీ చదివి బయటికి పంపే యాప్ ఉండదు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు కూడా ఇందులోనే ఉంటే మరీ మంచిది. నెలకోసారి చార్జింగ్, సమయానికి రీచార్జి మరవకండి.

దీనివల్ల ఇబ్బంది లేకపోలేదు. మేత డీలరుకు 2 లక్షలు కట్టాలంటే బ్రాంచికి వెళ్లి ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాల బదిలీ) చేయాలి. ఆ ఇబ్బంది ఉండాల్సిందే. మీకు ఒక గంట పట్టే పని దొంగకు అసలు కుదరకపోవడమే దీని లాభం.

ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. నెట్ బ్యాంకింగ్ చేతికి చిక్కితే దాన్ని గడువుకు ముందే ఆన్‌లైన్లో మూసేసే వీలు చాలా బ్యాంకుల్లో ఉంది. ఆన్‌లైన్లో మూయడానికి వీల్లేకుండా పెట్టగలరేమో బ్రాంచిలో అడగండి.

కిళ్లీ కొట్టు, టీ కొట్టు ఖర్చులకు యూపీఐ లైట్ వాడండి. అందులో 5 వేలకు మించి నిల్వ ఉండదు, ఒక్కసారికి వెయ్యి దాటి పోదు. పిన్ అడగదు కాబట్టి వెయ్యి రూపాయలకు మించి ఉంచకండి.

తాళం, సిమ్ము

చెరువుల్లో సున్నం చల్లే చేతులకు, కొబ్బరికాయలు వొలిచే చేతులకు వేలిముద్ర సరిగ్గా పడదు. విసుగొచ్చి తాళమే తీసేస్తారు. అలా చేయకుండా, అదే బొటనవేలును రెండు పేర్లతో రెండుసార్లు నమోదు చేయండి, ఒకసారి పొడిగా ఉన్నప్పుడు, ఒకసారి పని చేసి కడుక్కున్నాక. దానికి తోడు ఆరంకెల పిన్ పెట్టండి. గీతల ప్యాటర్న్ వద్దు. పెట్రోలు బంకులో పక్కన నిలబడ్డవాడికి కూడా అది తెలిసిపోతుంది.

తాళం వేసిన తెర మీదే ఓటీపీ కనబడుతుంటే తాళం ఉన్నా లేనట్టే. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కిందకు వెళ్లి, లాక్ స్క్రీన్ మీద సున్నితమైన విషయం చూపించకుండా పెట్టండి.

ఫోను పోతే దొంగ సిమ్ము తీసి తన ఫోనులో వేసుకుంటాడు, ఓటీపీలన్నీ అక్కడికే వెళ్తాయి. దీనికి విరుగుడు సిమ్ పిన్. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ఉంటుంది. పెట్టేముందు మీ నెట్‌వర్కు ఇచ్చే మొదటి పిన్ ఏమిటో కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకోండి. ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పితే సిమ్ము బిగుసుకుపోయి పీయూకే కోడ్ అడుగుతుంది. పిన్ పెట్టాక ఫోను ఆఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ అది కొట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పకపోతే కరెంటు పోయి ఫోను ఆగిన రోజు కంగారు పడతారు.

*#06# కొడితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య వస్తుంది. పాస్‌బుక్కు వెనక అట్ట మీద రాసి పెట్టండి. అంతర్వేది తీర్థంలోనో, 2027 గోదావరి పుష్కరాల రేవులోనో ఫోను పోతే వరుస ఇది: పోలీసు ఫిర్యాదు, అదే నంబరుతో కొత్త సిమ్ము, ఆ తర్వాత కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ బ్లాక్. సిమ్ము ముందు ఎందుకంటే, పోర్టల్ ఓటీపీ అడుగుతుంది. అదే పోర్టల్లో మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కూడా కనబడుతుంది. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు పెట్టండి.

సెకండ్ హ్యాండ్ ఫోను కొనేటప్పుడు కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ ఇచ్చి, ఐఎంఈఐ వేసి 14422కు మెసేజ్ పంపండి. దొంగ ఫోనుగా బ్లాక్ అయి ఉంటే తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కూడా చూడండి. ఏడాదికి పైగా పాతదై, కొత్తవి రావడం ఆగిపోతే ఆ ఫోను పాటలకూ సీరియళ్లకూ సరే, యూపీఐకి వద్దు.

ఏపీకే: అసలు ముప్పు ఇది

‘ఆర్టీవో చలాన్’, ‘పీఎం కిసాన్’, ‘బ్యాంకు రివార్డు’, ‘పెళ్లి శుభలేఖ’. పేరేదైనా చివర ఏపీకే అని ఉంటే అది కాగితమూ కాదు, ఫొటోవూ కాదు. ఫోనులో కొత్త యాప్ ఎక్కించే మూట అది. శుభలేఖ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. యాప్‌గా పెళ్లికి పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చిందన్న ధైర్యం పనికిరాదు. ఒక ఫోనులో ఎక్కాక అది ఆ వాట్సాప్‌ను లాక్కుని గ్రూపులన్నిటికీ తననే పంపుకుంటుంది. అందుకే వార్డు గ్రూపులోనూ, రొయ్యల రేట్ల గ్రూపులోనూ బాగా తెలిసిన పెద్దమనిషి పేరుతోనే కనబడుతుంది.

లోపల జరిగేది ఇదీ. యాప్ ముందు మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే, వచ్చిన ఓటీపీ మీరు చూసేలోపే అవతలికి వెళ్లిపోతుంది. తర్వాత యాక్సెసిబిలిటీ అడుగుతుంది. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం అది. అది దొరికితే తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు మీటలు నొక్కగలదు. ఆపైన తన బొమ్మను దాచేసుకుంటుంది. మీరు ‘తెరుచుకోలేదు, పోనీలే’ అనుకుని ఊరుకుంటారు. రెండు మూడు రోజుల తర్వాత, ఎక్కువగా రాత్రిపూట, డబ్బు పోతుంది.

ముందుగానే తలుపు మూయడానికి: సెట్టింగ్స్, యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. అక్కడ వాట్సాప్, టెలిగ్రామ్, క్రోమ్, ఫైల్స్ నాలుగింటికీ ఆఫ్ పెట్టండి. ప్లే స్టోర్ తెరిచి మీ బొమ్మ మీద నొక్కి, యాప్‌లను తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ‘ముందు ప్లే ప్రొటెక్ట్ ఆపండి’ అని ఏ యాప్ అయినా, ఏ మనిషైనా చెబితే మోసం అక్కడే తేలిపోయినట్టు.

ఇప్పటికే నొక్కేసి ఉంటే, ఈ వరుస తప్పకండి:

1. వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. సిమ్ము బయటికి తీయండి.

2. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించండి. డబ్బు ఇంకా పోకపోయినా సరే.

3. వచ్చిన మెసేజీ, ఫైలు పేరు, పంపిన నంబరు మరో ఫోనుతో ఫొటో తీయండి. రీసెట్ చేశాక ఈ ఆధారాలు దొరకవు.

4. సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ అన్న మీటను నొక్కి పట్టుకుంటే అడుగుతుంది. బయటి యాప్‌లు అక్కడ పనిచేయవు.

5. యాక్సెసిబిలిటీలోనూ, డివైస్ అడ్మిన్ యాప్స్‌లోనూ తెలియని పేరు ఉంటే ముందు అక్కడ ఆపండి. ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. ఈ క్రమం తిరగేస్తే అన్‌ఇన్‌స్టాల్ మీట నొక్కుడు పడదు.

6. తీసేశామన్న నమ్మకం కుదరకపోతే ఫొటోలు మాత్రం భద్రపరిచి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చండి. చెడిన ఫోనులోనే కొత్త పాస్‌వర్డు కొడితే దాన్ని కూడా అప్పజెప్పినట్టే.

లోన్ యాప్‌లది ఇంకో దారి. కాంటాక్టులు, గ్యాలరీ తీసుకుని తర్వాత బంధువులకు మార్ఫింగ్ ఫొటోలు పంపుతారు. అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు, ఫైళ్లు ముట్టకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. కాంటాక్టులు అడిగిన క్షణాన ఆ యాప్ తీసేయండి, అప్పు ఎంత అవసరమైనా.

వాట్సాప్

సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్. ఆరంకెల పిన్, మెయిల్ ఐడీ ఇవ్వండి. ‘పొరపాటున మీకు ఒక కోడ్ వచ్చింది, చెప్పండి బాబాయ్’ అని అడిగి ఖాతా లాక్కునేవాడిని ఈ పిన్ ఆపుతుంది. లింక్డ్ డివైసెస్ వారానికోసారి చూడండి. మీది కాని కంప్యూటరు కనబడితే లాగౌట్ చేయండి.

ఖాతా పోయిందనిపిస్తే యాప్ తీసి మళ్లీ ఎక్కించి, మీ నంబరుకు వచ్చే కోడ్‌తో లాగిన్ అవండి. అవతలివాడు తన పిన్ పెట్టి ఉంటే 7 రోజులు ఆగాల్సి వస్తుంది. కానీ మీరు కోడ్ కొట్టగానే అతను బయటికి పోతాడు కాబట్టి ఆ పని ఆలస్యం చేయకండి. ఈలోగా ‘నా పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి’ అని మామూలు మెసేజీ ద్వారా అందరికీ చెప్పండి.

రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ నంబరు 95523 00009, పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు ఉంటుంది. నంబరు మీరే సేవ్ చేసుకుని, సంభాషణ మీరే మొదలుపెట్టండి. ప్రభుత్వం పేరుతో ఎదురొచ్చిన మెసేజీకి జవాబివ్వకండి.

పట్టుబడి గట్టు మీద స్క్రీన్‌షాట్

లారీలో ఐసు కొట్టేశారు, రొయ్య ట్రేలకెక్కింది, కొత్త వ్యాపారి ‘నెఫ్ట్ (బ్యాంకు బదిలీ) వేసేశామండీ’ అని స్క్రీన్‌షాట్ చూపిస్తాడు. ఆ బొమ్మ నిమిషంలో తయారవుతుంది. డబ్బు పంపినట్టు నటించే నకిలీ యాప్‌లే ఉన్నాయి. ‘జమ అయింది’ అన్న మెసేజీ కూడా చూడండి. అది పదంకెల మామూలు నంబరు నుంచి వస్తే బ్యాంకుది కాదు.

లారీ కదిలేముందు మీ బ్యాంకు యాప్‌లోనో, మిస్డ్ కాల్ బ్యాలెన్స్‌లోనో సొమ్ము కనబడాలి. నెఫ్ట్ అరగంటకోసారి బ్యాచ్‌గా వెళ్తుంది, కాస్త ఆలస్యం నిజంగానే జరగొచ్చు. మోసగాడు ఆడుకునేది ఆ ఆలస్యంతోనే. కొత్త మనిషైతే ఐఎంపీఎస్ అడగండి, 5 లక్షల దాకా ఆ క్షణంలోనే పడుతుంది. ఆపైన ఉంటే ముక్కలుగా వేయమనండి. మొహమాటం ఎక్కడైనా పనికొస్తుందేమో గానీ కాటా దగ్గర కాదు.

కడియం నర్సరీల నుంచి అంబాజీపేట కొబ్బరి కొట్ల దాకా, ఫోన్ మీద ఆర్డర్లు తీసుకునే ప్రతి వ్యాపారానికీ ఇంకోటి తెలియాలి. ‘నేను మిలటరీ ఆఫీసర్ని, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి, అడ్వాన్సు పడుతుంది’ అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతా నుంచి పోతున్నట్టే.

ఒక మాట కాలేజీ పిల్లలకు. ‘నీ ఖాతా నెలకు అద్దెకివ్వు, కమీషన్ ఇస్తాం’ అనేవాడు దొంగసొమ్ము దాటించడానికే అడుగుతాడు. కేసు పెడితే మొదట దొరికేది ఖాతాదారే.

వేలిముద్ర, ఆధార్, జిరాక్స్ షాపు

ఆధార్ ఉన్న ఖాతా నుంచి వేలిముద్రతో డబ్బు తీసే ఏఈపీఎస్‌కు ఓటీపీ ఉండదు. దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు తీసి ఇలా దోచిన కేసులున్నాయి. ఆధార్ యాప్‌లో గానీ మైఆధార్ పోర్టల్లో గానీ బయోమెట్రిక్ లాక్ చేయండి. అయితే లాక్ చేశాక రేషన్ దగ్గరా, వేలిముద్ర అడిగే ఇతర చోట్లా మీ వేలు కూడా పడదు. ‘మెషిన్ పనిచేయట్లేదు’ అనుకుని తిరిగి వచ్చేస్తారు. అప్పటికప్పుడు తాత్కాలికంగా తెరిస్తే కాసేపటికి దానంతటదే మళ్లీ మూసుకుంటుంది. పెద్దవాళ్లకు ఇది కష్టమనిపిస్తే, వాళ్ల ఖాతాకు ఏఈపీఎస్ ఒక్కటీ ఆపమని బ్యాంకులో రాసివ్వడం తేలిక.

జిరాక్స్ షాపు వాట్సాప్‌కు ఆధార్, పాస్‌బుక్కు పంపుతాం. అవి ఆ కంప్యూటర్లో నెలల తరబడి పడి ఉంటాయి. మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ పంపండి. ప్రింటు చేతికొచ్చాక అక్కడే నిలబడి ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కండి. సుమారు రెండు రోజులు దాటితే ఆ వీలుండదు. డౌన్‌లోడ్ ఫోల్డర్లోది కూడా తీసేయమని అడగండి, తప్పేం లేదు.

ఇంట్లో కంప్యూటరు ఉంటే, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగాయని గుర్తుంచుకోండి. క్రాక్ చేసిన విండోస్‌లో బ్యాంకు పని చేయకండి. వైఫై పెట్టె అడుగున అచ్చేసిన పాస్‌వర్డు, లోపలి అడ్మిన్ పాస్‌వర్డు రెండూ మార్చండి.

ఫోన్ చేసి భయపెట్టేవాళ్లు

‘ఈ రాత్రి కరెంటు తీసేస్తాం’ అంటే బిల్లు మీ యాప్‌లో చూసుకుని కరెంటు హెల్ప్‌లైన్ 1912కు చేయండి. ‘మీ పేరు మీద డ్రగ్స్ పార్సిల్ దొరికింది, వీడియో కాల్ కట్ చేయకండి’ అంటే వెంటనే కట్ చేయండి. డిజిటల్ అరెస్టు అన్నది చట్టంలోనే లేదు. *21* తోనో *401* తోనో మొదలయ్యే కోడ్ కొట్టమంటే మీ కాల్స్‌ను తన ఫోనుకు మళ్లిస్తున్నాడన్నమాట. కొట్టేసి ఉంటే కాల్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరిచి అన్నీ ఆపండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతకకండి, కార్డు వెనకే ఉంటుంది. బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగుస్తాయి.

గల్ఫ్ ఇళ్లకు

రాజోలు, నరసాపురం వైపు ఇళ్లలో మరో చిక్కు. అక్కడికి వెళ్లాక ఇక్కడి సిమ్ముకు రీచార్జి ఆగుతుంది. వాడకుండా వదిలేస్తే మూడు నెలలకు నంబరు పోవచ్చు, తర్వాత ఇంకొకరికి ఇస్తారు. మీ బ్యాంకు, జీమెయిల్ ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి. విమానం ఎక్కేముందే రోమింగ్‌లో మెసేజీలు వచ్చేలా చూసుకోండి. లేదా బ్యాంకుకు, జీమెయిల్‌కు నంబరు మార్చండి.

అక్కడి నుంచి ‘అర్జంటుగా డబ్బు కావాలి’ అని మెసేజీ గానీ, గొంతు గానీ వస్తే, పెట్టేసి పాత నంబరుకు మీరే చేయండి. గొంతును కూడా ఇప్పుడు నకలు తీస్తున్నారు. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట ముందే అనుకోండి. చిన్నప్పటి ఆవు పేరైనా చాలు.

నీళ్లలో పడ్డ ఫోను

డెల్టాలో ఫోన్లు దొంగల పాలైనట్టే చెరువుల పాలవుతుంటాయి. ఉప్పునీళ్లలో పడితే బియ్యంలో పెట్టడం దండగ. ఆఫ్ చేసి, చార్జింగ్ పెట్టకుండా బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్లండి. ఫొటోలు, కాంటాక్టులు గూగుల్‌కు, వాట్సాప్ బ్యాకప్ వారానికోసారి పెట్టుకుంటే ఫోను పోయినా అవి మిగులుతాయి. బాగుకిచ్చేముందు సిమ్ము, మెమరీ కార్డు తీసుకోండి. తాళం పిన్ కాగితం మీద రాసివ్వకండి.

సొమ్ము పోయిన తొలి గంట

ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల మీద దాటిపోతుంది. దాటేలోపు పట్టి ఆపించడమే పని. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి. బిజీగా ఉంటే మళ్లీ మళ్లీ చేస్తూనే, ఇంకొకరి చేత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టించండి. వాళ్లు అడిగేవి: మీ బ్యాంకు, ఖాతా లేక యూపీఐ ఐడీ, పోయిన మొత్తం, తేదీ, సమయం, లావాదేవీ నంబరు. నాలుగు లావాదేవీలు జరిగితే నాలుగు నంబర్లూ చెప్పాలి. ఒకటి వదిలేస్తే ఆ దారిన పోయింది ఆగదు.

తర్వాత బ్యాంకు. ఫోన్ చేసి ఊరుకోకుండా బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పోయిన సొమ్ము గురించి, లావాదేవీ జరిగిందని బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెబితే మీ మీద భారం ఉండదు. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే కొంత పడుతుంది. ఓటీపీ, పిన్ మీరే చెప్పి ఉంటే అప్పటిదాకా పోయింది మీదే. మీరు చెప్పాక పోయింది మాత్రం బ్యాంకుది. అందుకే ముద్ర మీద తేదీతో పాటు సమయం కూడా వేయించుకోవాలి.

ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకు ‘మీ సొమ్ము దొరికింది, విడిపించడానికి ఫీజు కట్టండి’ అని లాయరు పేరుతోనో, సైబర్ పోలీసు పేరుతోనో ఫోన్ వస్తుంది. మోసపోయినవాళ్ల నంబర్ల జాబితాలు ఆ ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి. 1930 ఎప్పుడూ ఫీజు అడగదు. ఆ నంబరును కూడా అదే ఫిర్యాదులో చేర్పించండి.